ఆగిపోతున్నది గేమేనా?

ప్రశ్న: మాది ఆర్మూర్, పసుపు పండించే ఇల్లు. బాబుకు పద్నాలుగేళ్లు. దుబాయ్ నుంచి వచ్చిన మా మరిది ఇచ్చిన లాప్‌టాప్‌లో ఏదో పాతకాలం బైక్ రేసు గేమ్ వేసుకున్నాడు. అది మొదలవుతూనే ఆగిపోతుంది, తెర నల్లగా తెల్లగా కొట్టుకుంటుంది. వీడు ఆపి మళ్లీ పెడతాడు. రాత్రి ఒంటిగంట దాకా ఇదే పని. ఈమధ్య ఆ తెర ముందున్నప్పుడు పిలిస్తే ఒక్కోసారి పలకడం లేదు. రెప్పలు టపటపా కొట్టుకుంటూ కొన్ని సెకన్లు అట్లనే చూస్తాడు, తర్వాత ఏమీ జరగనట్టే మాట్లాడతాడు. పొద్దున చాయ్ తాగుతుంటే చెయ్యి అదిరి గ్లాసు జారిపోతోంది. గాలి సోకిందని మా అత్తమ్మ తాయెత్తు కట్టించింది. గేమ్ పిచ్చి అనుకోవాలా, జబ్బు అనుకోవాలా?

జవాబు: ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చాయ్ గ్లాసు. నిద్ర చాలని పిల్లవాడు లేచిన కాసేపటికే చేతులు ఉలిక్కిపడటం జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే మూర్ఛకు గుర్తు కావచ్చు. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య మొదలవుతుంది. చాలా ఇళ్లలో దీన్ని పిల్లల అజాగ్రత్త అనుకుని తిడతారు, డాక్టరుకు చెప్పనే చెప్పరు. ఈ మూర్ఛ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి మినుకుమనే వెలుతురు పడదు. పిలిస్తే పలకకపోవడం, రెప్పలు కొట్టుకోవడం కూడా దీనితో సరిపోతున్నాయి. పరీక్ష చేయకుండా ఇదేనని తేల్చడం తప్పు. కానీ గేమ్ పిచ్చి అని వదిలేయడం అంతకన్నా పెద్ద తప్పు.

సెకనుకు 15 నుంచి 25 సార్లు వెలిగి ఆరే కాంతి పడినప్పుడు కొందరి మెదడులో చూపుకు సంబంధించిన వెనక భాగం అదుపు తప్పి ఒక్కసారిగా ఉద్రేకపడుతుంది. ముదురు ఎరుపు మరింత ప్రమాదం. వీడియో గేముతో వచ్చిన మూర్ఛ గురించి లాన్సెట్ పత్రికలో 1981లోనే రాశారు. ఆ గేమ్ స్పేస్ ఇన్వేడర్స్. 1997 డిసెంబర్ 16న జపాన్ టీవీలో పోకెమాన్ కార్టూన్ వస్తుండగా ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు సుమారు 12 సార్లు మెరిశాయి. 685 మందిని ఆసుపత్రులకు తీసుకెళ్లారు. వాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు ఎన్నడూ ఫిట్స్ రాలేదు.

ఆర్మూర్ బాబు విషయంలో తెర ఒక్కటే కారణం కాదు, నిద్ర లేకపోవడమూ అంతే బలమైన కారణం. కనుక ఈ రాత్రి నుంచే గేమ్ ఆపి, వేళకు పడుకోబెట్టాలి. అలా చూస్తూ ఉండిపోయినప్పుడు ఫోన్లో వీడియో తీస్తే డాక్టరుకు సగం పని అయిపోయినట్టే. నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించవచ్చు, అవసరమైతే హైదరాబాద్ నిమ్స్ ఉంది. మెదడులోని విద్యుత్ తరంగాలను చూపే ఈఈజీ పరీక్ష తీసేటప్పుడు మినుకుమనే దీపం పెట్టి కూడా చూస్తారు, నొప్పి ఉండదు. ఈ మూర్ఛకు మంచి మందులున్నాయి. అయితే ఎవరికో రాసిన ఫిట్స్ మాత్ర తెచ్చి వేయకూడదు. కార్బమజెపిన్ లాంటివి ఈ రకం మూర్ఛను పెంచవచ్చు. తాయెత్తు గురించి అత్తమ్మతో గొడవ అక్కర్లేదు, దాన్ని నమ్ముకుని పరీక్ష వాయిదా వేయకపోతే చాలు.

పరీక్షలు పూర్తయ్యేదాకా బావిలో ఈత, బైకు నడపడం, పసుపు ఉడకబెట్టే చోట నిలబడటం వద్దు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

ఇక ఆ గేమ్. దాన్ని బాగుచేసే పని పిల్లవాడిది కాకూడదు, మరిదికి అప్పగించాలి. 1990ల గేములు చాలావరకు తెర మొత్తాన్ని తమ చేతిలోకి తీసుకుని దాని కొలతను 640×480కి మార్చబోతాయి. ఇప్పటి విండోస్‌లో అక్కడ పొసగక తెర కొట్టుకోవచ్చు, గేమ్ ఆగిపోవచ్చు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద పాత విండోస్‌ను ఎంచుకోవాలి. గేమ్‌లో అవకాశం ఉంటే నిండు తెర మీద కాక చిన్న కిటికీలో తెరిపించాలి. విండోస్ ఫీచర్స్‌లో పాత గేములకు పనికొచ్చే డైరెక్ట్‌ప్లే ఆన్ చేయడంతో లేచిన గేములూ ఉన్నాయి. విండోస్‌కు ముందటి డాస్ కాలంవైతే వాటిని నడిపించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ కావాలి. సీడీలో కాపీని అడ్డుకునే సేఫ్‌డిస్క్ తాళం ఉంటే మాత్రం ఇన్ని తిప్పలూ వృథా, 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి ఆ తాళాన్ని తెరిచే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ తీసేసింది.

మళ్లీ ఆడొచ్చా అన్నది ఈఈజీ చూసిన డాక్టరు చెప్పాలి. ఒప్పుకుంటే గదిలో లైటు వేసి, తెర వెలుగు తగ్గించి, దూరంగా కూర్చుని, పగటిపూట కాసేపు ఆడుకోవచ్చు. తెర మినుకుమంటే వెంటనే ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసి తల పక్కకు తిప్పుకోవాలని బాబుకు నేర్పాలి. రెండు కళ్లూ మూసుకుంటే లాభం లేదు, రెప్పల్లోంచి వెలుగు లోపలికి పోతూనే ఉంటుంది. మాత్రలు మొదలుపెడితే గేమ్ మానేసినా రోజూ వేసుకోవాల్సిందే, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు.