స్క్విడ్ మంచిదే, మైదా పూతే వద్దు

విశాఖపట్నం

లలితా,

చికెన్ తిని తిని మొహం మొత్తింది, బదులు స్క్విడ్ తినొచ్చా అని అడిగావట. మీ అమ్మ చెప్పింది.

నిక్షేపంగా తిను. పచ్చి స్క్విడ్ 100 గ్రాముల్లో 92 కేలరీలు, పదిహేనున్నర గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు ఒకటిన్నర గ్రాము లోపే. మాంసకృత్తుల్లో చికెన్‌దే పైచేయి, కాదనను. కానీ రాగిలో చికెన్ దీని దరిదాపులకు రాదు. మన రక్తంలో ఇనుము చేసే పనిని స్క్విడ్ రక్తంలో రాగి చేస్తుంది, అందుకే ఆ రక్తం నీలంగా ఉంటుంది. ఆ 100 గ్రాములతో రోజుకు కావలసిన రాగి ఇంచుమించు అందినట్టే. బి12, సెలీనియం కూడా బాగానే ఉంటాయి.

కొలెస్ట్రాల్ 230 మిల్లీగ్రాములు, ఒక గుడ్డులో ఉండేదాని కంటే ఎక్కువే. అయితే ఒంట్లో కొలెస్ట్రాల్‌ని ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు. అది దీనిలో అర గ్రాము కూడా లేదు. నీ వయసుకి వారానికోసారి తింటే బెంగ లేదు.

హోటల్లో రింగులని తెచ్చిపెడతారే, వాటి లెక్క వేరు. మైదాలో ముంచి నూనెలో వేపాక 100 గ్రాములకు 175 కేలరీలు, ఏడున్నర గ్రాముల కొవ్వు. పక్కన మయొనీసు గిన్నె ఒకటి! దాన్ని తేలిక తిండి అనడానికి నాకు నోరు రాదు.

ఇంట్లోనే చేసుకో. కండ తెల్లగా మెరుస్తుంటే తాజాది, గులాబీ రంగుకి తిరిగితే కొనకు. సిరా సంచి, లోపలి గాజులాంటి పుల్ల, నోటి దగ్గరి ముక్కు తీయించు. చక్రాలు కోసి తడి లేకుండా తుడువు, లేకపోతే నీరూరి ఉడికిపోతుంది. చెంచాడు నూనె బాగా కాగాక వెల్లుల్లి, కరివేపాకు, మిరియాల పొడితో రెండు నిమిషాలు వేపి దించెయ్. ఆలస్యమైతే రబ్బరే. అప్పుడు కంగారుపడకుండా ఉల్లి, టమాటా వేసి, సన్నసెగన అరగంట పైన ఇగరనియ్, మళ్ళీ మెత్తబడుతుంది.

రొయ్యలు తింటే దద్దుర్లొచ్చే స్నేహితులెవరైనా ఉంటే వాళ్ళకి పెట్టకు. మీ నాన్నకి యూరిక్ యాసిడ్ ఎక్కువ కదా, డాక్టరుని అడిగాకే వడ్డించు.

మీ పెద్దమావయ్య