వెలిసిన పెళ్లి ఫోటో, చందా లేని మరమ్మతు

1970లలో, 80లలో అమెరికాకు తరలివచ్చిన తెలుగు కుటుంబాల సామానులో ఆవకాయ జాడీ పక్కన, పట్టుచీరల మడతల నడుమ ఒక పెళ్లి ఆల్బము తప్పక ఉండేది. ఇల్లు మారినప్పుడల్లా అది కూడా మారింది. అపార్టుమెంటు అలమరలో కొంతకాలం, సొంత ఇంటి అటక మీద మరికొంత కాలం గడిపింది. షష్టిపూర్తికనో, మనుమరాలి పెళ్లికనో ఈనాడు దానిని దించి తెరిచినవారికి మనసు చివుక్కుమంటుంది. పందిరికి కట్టిన మామిడాకు తోరణాలు గోధుమరంగుకు దిగినవి. పెళ్లికుమారుని నల్లని జుట్టు ఇటుకరంగుకు మారింది. బొమ్మ అంతటా కుంకుమ నీళ్లు చల్లినట్లు ఒకటే ఎరుపు.

అదే పెట్టెలోని తాతగారి నలుపు-తెలుపు ఫోటో అంతకు నలభై ఏండ్లు పెద్దది. అయినా మీసపు వెంట్రుకలు సైతం లెక్కించదగినంత స్పష్టంగా ఉన్నది.

ఎర్రబడిన ఫోటోను స్కాన్ చేసి కంప్యూటరులో బాగుచేయదలచిన గృహస్థుకు వెంటనే మరొక చిక్కు ఎదురవుతుంది. పేరుమోసిన ఫోటోషాప్ కొనడానికి దొరకదు. అద్దెకు మాత్రమే దొరుకుతుంది. జన్మలో ఒకటి రెండు ఆల్బములు సరిచేసుకొనే మనిషికి నెలనెలా చందా కట్టవలసిన అగత్యం ఉన్నదా అన్నది ఇక్కడ చర్చనీయాంశం. సమాధానానికి ముందు రోగమేమిటో తెలియాలి. రోగం తెలియక కొన్న మందు దండుగే కదా.

రంగు ఎందుకు పోయింది?

నలుపు-తెలుపు ఫోటోలో నల్లగా కనిపించేది లోహరూపంలోని వెండి. జెలటిన్ పొరలో పరచిన సిల్వర్ హాలైడు స్ఫటికాలపై వెలుతురు సోకిన చోట డెవలపర్ ఆ లవణాన్ని క్షయకరించి వెండి రేణువులుగా మారుస్తుంది. గాలిలోని గంధక సమ్మేళనాలు తాకితే ఆ వెండి కాస్త గోధుమరంగుకు తిరుగుతుంది గాని, మంచి జాగ్రత్తలో ఉన్న బొమ్మ తరాల తరబడి నిలుస్తుంది.

రంగుల ఫోటో సంగతి వేరు. అందులో చివరకు వెండి మిగలదు. డెవలపర్‌గా వాడే పారా-ఫినిలీన్ డయమీన్ జాతి సమ్మేళనం సిల్వర్ హాలైడును క్షయకరిస్తూ తాను ఆక్సీకరణం చెందుతుంది. ఆ ఆక్సీకృత అణువు పొరలో ముందే ఉంచిన కప్లర్ అనే మరొక అణువుతో జతకట్టి రంగు పదార్థమవుతుంది. ఈ సూత్రానికి జర్మన్ రసాయనజ్ఞుడు రుడాల్ఫ్ ఫిషర్ 1912లోనే పేటెంటు కోరాడు. మూడు పొరలలో మూడు రకాల కప్లర్లు. వాటి నుండి పసుపు, మెజెంటా, సయాన్ అనే మూడు రంగులు. పని ముగిసిన వెండిని బ్లీచి, ఫిక్సరు తొలగించివేస్తాయి. అనగా పెళ్లి ఫోటోలో మిగిలినవి కేవలం సేంద్రియ వర్ణకాలు. అద్దకపు చీర రంగు ఎంత నమ్మకమో ఇవీ అంతే.

పైగా ఆ మూడింటి ఆయుర్దాయం సమానం కాదు. 1970ల నాటి కాగితాలలో సయాన్, అనగా నీలమూ ఆకుపచ్చా కలిసినట్లుండే రంగు, చీకటిలో దాచినా వేడికి, తేమకు క్షీణించేది. వెలుతురు తగిలే గోడ మీది ఫోటోలో మెజెంటా ముందు దెబ్బతినేది. ఆల్బములో మూసి ఉంచిన ఫోటో ఎర్రబడడానికి, హాలులో వేలాడిన ఫోటో తరచు నీలివన్నెకు తిరగడానికి ఈ తేడాయే కారణం. 1980ల నడుమ నుండి వచ్చిన కాగితాలలో సయాన్ చాలా మెరుగుపడింది. అందుచేతనే అక్కగారి పెళ్లి ఫోటోలు ఎర్రబడి, పదేండ్ల తరువాత జరిగిన చెల్లెలి పెళ్లి ఫోటోలు బాగుండడం పలు ఇండ్లలో కనిపిస్తుంది. ఇందులో ఫోటోగ్రాఫరు తప్పేమీ లేదు.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇట్టి చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయన విద్యార్థులందరూ నేర్చే ముతక లెక్క. ఫోటో రంగుల విషయంలో అది అంతకు మించడమూ కద్దు. 20 డిగ్రీల గదితో పోల్చితే, 50 డిగ్రీలకు చేరే టెక్సాస్ అటక మీద గడిపిన ఒక్క నెల ఎనిమిది నెలలకు సమానం. గుంటూరు ఎండలను నిందించేవారు తమ అటకను కూడా ఒకసారి తలచుకొనవలెను.

మరమ్మతు అంటే ఒక చిన్న కూడిక-తీసివేత

సయాన్ పని ఎర్రని కాంతిని మింగివేయడం. ఆ రంగు తరిగితే మింగుడుపడని ఎరుపు తిరిగి కంటికి చేరుతుంది. స్కానరు ప్రతి బిందువుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు వ్రాస్తుంది. ఒక్కొక్క అంకె 0 నుండి 255 వరకు ఉంటుంది. మంచి ఫోటోలో నల్లని జుట్టు మీద మూడు అంకెలూ తక్కువగా, తెల్లని పంచె మీద మూడూ ఎక్కువగా ఉండాలి. ఎర్రబడిన ఫోటోలో జుట్టు దగ్గర కూడా ఎరుపు అంకె 110కి దిగదు, పంచె దగ్గర 240కి చేరుతుంది అనుకొంటే, 110 నుండి 240 వరకు కుదించుకుపోయిన ఆ పట్టీని మళ్లీ 0 నుండి 255 వరకు సాగదీయడమే చికిత్స. ప్రతి అంకెలో నుండి 110 తీసివేసి, 130తో భాగించి, 255తో హెచ్చించాలి. 175 ఉన్న చోట 128 వస్తుంది. ప్రోగ్రాములలో లెవెల్స్ అనే పనిముట్టు చేసేది ఇంతే. ముఖ్యమైన షరతు ఏమంటే మూడు రంగులనూ కలిపి గాక, విడివిడిగా సాగదీయగలగాలి.

సాగదీతలో ఒక లోపం దాగి ఉన్నది. 110కి 240కి మధ్య ఉన్నవి 131 మెట్లు మాత్రమే. వాటిని 256 మెట్ల మీద పరిస్తే దాదాపు సగం మెట్లు ఖాళీగా మిగులుతాయి. బుగ్గ మీది మెత్తని నీడ చారలు చారలుగా విరుగుతుంది. ఇందుకు విరుగుడు స్కాన్ చేసేటప్పుడే ఒక్కొక్క రంగుకు 8 బిట్లకు బదులు 16 బిట్లు తీసుకోవడం. స్కానరు పెట్టెల మీద 48 బిట్లని వ్రాసేది దీనినే. అప్పుడు అదే పట్టీలో 131కి బదులు సుమారు 33,500 మెట్లు ఉంటాయి. ఎంత సాగదీసినా కంటికి చార కనబడదు. నాలుగంగుళాలకు ఆరంగుళాల ఫోటోను అంగుళానికి 600 బిందువుల చొప్పున స్కాన్ చేస్తే 86 లక్షల బిందువులు, 16 బిట్లలో సుమారు 52 మెగాబైట్లు అవుతుంది. నేటి కంప్యూటరుకు అది లెక్కలోనిది కాదు.

సయాన్ పూర్తిగా నశించిన చోట సాగదీయడానికి సమాచారమే ఉండదు. అక్కడ ఏ ప్రోగ్రాము, ఎంత ధర పెట్టినా, పోయినదానిని తిరిగి తేలేదు.

ఏది ఎంచుకోవాలి?

ఈ పనికి కావలసిన గుణాలు కొద్దే: రంగు రంగుకూ వేరుగా లెవెల్స్, కర్వ్స్, 16 బిట్ల సామర్థ్యం, గీతలు పూడ్చే క్లోన్, హీల్ పనిముట్లు, మూలాన్ని చెరపకుండా పైన సవరించే లేయర్లు. వెయ్యి హంగుల పట్టికలతో వచ్చే ప్రకటనలు చదివి బెదరనక్కరలేదు.

ఫోటోషాప్‌ను థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు రూపొందించగా అడోబీ సంస్థ 1990లో విడుదల చేసింది. 2012లో వచ్చిన సి.ఎస్.6తో శాశ్వతపు అమ్మకాల వరుస ముగిసింది. ఇకమీదట చందాయేనని 2013లో ఆ సంస్థ ప్రకటించింది. నెలకు పది డాలర్లని లెక్కవేసినా పదేండ్లకు 1200 డాలర్లు. పత్రికలకు పనిచేసే ఫోటోగ్రాఫరుకు అది న్యాయమైన ఖర్చే కావచ్చు. ఆల్బము గృహస్థుకు మాత్రం కానే కాదు.

అదే సంస్థ అమ్మే ఫోటోషాప్ ఎలిమెంట్స్ చందా లేనిదన్న పేరుతో చాలామందిని ఆకర్షిస్తుంది. కాని 2024 చివర విడుదలైన 2025 కూర్పు నుండి దాని అనుమతి మూడేండ్లకే పరిమితం. నెలనెలా కట్టనక్కరలేదు గాని, గడువు తీరాక మళ్లీ కొనాలి. చందాకు అది దూరపు చుట్టం కాదు, పినతల్లి బిడ్డ. పైగా 16 బిట్ల బొమ్మ మీద అందులోని పనిముట్లు అనేకం పనిచేయవు. తొలిసారి పట్టుకొనే పెద్దవారికి దారి చూపే పద్ధతి మాత్రం అందులో బాగుంటుంది.

గింప్ అనే ప్రోగ్రామును బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో మొదలుపెట్టారు. అది నాటికీ నేటికీ ఉచితం. దాని మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉన్నది. 8 బిట్లను దాటి పనిచేసే శక్తి దానికి 2018 నాటి 2.10 కూర్పుతో వచ్చింది. వేసిన ఫిల్టరును తరువాత మార్చుకొనే వసతి 2025 మార్చిలో వచ్చిన 3.0తో వచ్చింది. మొదటి వారం దాని మెనూలు చికాకు పెడతాయి. రెండో వారానికి అలవాటవుతాయి. ఫోటో కింద తెలుగులో పేర్లు వ్రాసుకోదలచినవారికి ఒత్తులు, గుణింతాలు సరిగా కుదరడం ఇందులో ఒక మేలు. ఏ ప్రోగ్రాముకైనా ముందుగా 'లక్ష్మి', 'స్త్రీ' అని టైపు చేసి పరీక్షించడం మంచిది. అక్కడే పలు ప్రోగ్రాముల బండారం బయటపడుతుంది.

ఇంగ్లండులోని సెరిఫ్ సంస్థ 2015లో తెచ్చిన అఫినిటీ ఫోటో చాలాకాలం ఒక్కసారి కొంటే చాలునన్నవారికి ఆశ్రయమైంది. 2024లో ఆ సంస్థను కాన్వా కొన్నది. 2025 అక్టోబరు చివర అఫినిటీ మొత్తాన్ని ఒకే ప్రోగ్రాముగా కూర్చి ఉచితం చేసింది. కాన్వా ఖాతా తెరవాలి, కృత్రిమ మేధ హంగులకు మాత్రం రుసుము ఉన్నది. 16 బిట్లు, విడి రంగుల సవరణ, అచ్చుకు కావలసిన నాలుగు సిరాల పద్ధతి అన్నీ ఇందులో ఉన్నవి. సావనీరు వంటి అచ్చు పుస్తకానికి ఫోటోలు పంపేవారికి గింప్ కంటె ఇది అనుకూలం. అయితే ఉచితమన్నది ఒక సంస్థ నిర్ణయం. మూలకోడ్ మాత్రం తెరిచిలేదు. నిర్ణయాలు మారవచ్చునన్న ఎరుకతో వాడుకొనవలెను.

కెమెరాల రా ఫైళ్లకు డార్క్‌టేబుల్, రాథెరపీ అనే రెండు ఉచిత ప్రోగ్రాములు ఉన్నవి గాని స్కాన్ చేసిన పాత ఫోటోకు అవి ముఖ్యం కావు.

శాశ్వతమన్న మాటనూ పూర్తిగా నమ్మరాదు. సి.ఎస్.2ను ధ్రువీకరించే అడోబీ సర్వర్లు 2013 నాటికే ఆగిపోయాయి. 2019లో యాపిల్ తన కొత్త వ్యవస్థలో 32 బిట్ల ప్రోగ్రాములను నిలిపివేయగా, డబ్బిచ్చి కొన్న పాత ప్రోగ్రాములు చాలా మూలపడ్డాయి. అందుచేత ప్రోగ్రాము కంటె ఫైలు ముఖ్యం. 16 బిట్ల మూల స్కాన్‌ను టిఫ్ రూపంలో చేతపెట్టకుండా భద్రపరచి, నకలు మీదనే పనిచేయాలి. టిఫ్‌ను ఈ ప్రోగ్రాములన్నీ చదువగలవు. జేపెగ్ 8 బిట్లకు కుదించి, కొంత వివరాన్ని పారవేస్తుంది. అది బంధువులకు పంపడానికి సరిపోతుంది, దాచుకోవడానికి కాదు.

తెలుగు పెళ్లికి ప్రత్యేకించిన జాగ్రత్తలు

తెల్లని వస్తువును చూపితే దానిని బట్టి రంగులు సరిచేసే పనిముట్టు ప్రతి ప్రోగ్రాములోనూ ఉన్నది. మధుపర్కాలు తెల్లనివే కదా అని అక్కడ నొక్కినవారు పొరబడతారు. వాటి అంచులకు పసుపు ఉంటుంది. ఆ పసుపునే తెలుపుగా ప్రోగ్రాము భావిస్తే బొమ్మంతా నీలం కమ్ముతుంది. తలంబ్రాలను నమ్ముకొన్నా అంతే. వెనుక నిలుచున్న మేనమామ చొక్కానో, పురోహితుని ఉత్తరీయమో మేలు. తనంతట తాను సరిచేసే మీట ఇంకా ప్రమాదం: వధువు ముఖాన పసుపు రంగును లోపంగా ఎంచి తుడిచివేస్తుంది. మచ్చలు పూడ్చే పనిముట్టు బుగ్గచుక్కను మచ్చ అనుకొంటుంది.

ముఖాలను పునరుద్ధరిస్తామనే కృత్రిమ మేధ ప్రోగ్రాముల సంగతి వీటన్నిటికంటె తీవ్రమైనది. అవి ఫోటోలో లేని వివరాన్ని, తాము నేర్చిన వేలాది ముఖాల నుండి ఊహించి నింపుతాయి. కన్నులు మెరుస్తాయి, పెదవుల గీత స్పష్టమవుతుంది. అది నాయనమ్మ పెదవుల గీత అని పూచీ మాత్రం లేదు. ఆమెను చూడని మనుమలు ఇక ఆ ముఖాన్నే నాయనమ్మ అనుకొంటారు. మసకగా ఉన్న నిజమైన ముఖమే దాచదగినది.

నెగటివులు దొరికితే ముందు వాటినే స్కాన్ చేయాలి. కొన్ని ఫిల్మ్ స్కానర్లు పరారుణ కిరణాలతో దుమ్మును గుర్తిస్తాయి. రంగుల ఫిల్ములోని వర్ణకాల గుండా ఆ కిరణాలు సాగిపోతాయి, దుమ్ము అడ్డుతుంది. నలుపు-తెలుపు ఫిల్ములోనైతే వెండి కూడా అడ్డుతుంది. తాతగారి మీసమే దుమ్మైపోతుంది. దానికి ఆ మీట ఆపివేయాలి.

ఫోటో వెనుక వైపును స్కాన్ చేయడం చాలామంది మరచిపోతారు. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరి పక్కన ఎవరు నిలుచున్నారో వ్రాసిన నాలుగు పేర్లు అక్కడే ఉంటాయి. నీలి సిరా వెలిసి చదవరాకుండా ఉంటే, ఆ స్కాన్‌లో ఎరుపు అంకెల పట్టీని ఒక్కదానినే నలుపు-తెలుపుగా తెరిచి చూడాలి. నీలి సిరా ఎర్రని కాంతిని మింగుతుంది కాబట్టి అక్షరాలు ఆ పట్టీలో అన్నిటికంటె నల్లగా తేలతాయి.