గోడ పగలగొట్టే ముందు ఆగండి

పాలకొల్లులో ఇల్లు బాగుచేయించుకున్నవాళ్లు ఈ మధ్య ఒకే రకం ఫిర్యాదుతో నా దగ్గరకు వరసగా వస్తున్నారు. పాత బాత్రూమ్ పగలగొట్టించి టైల్స్ వేయించారు. గీజర్‌ని వెనక వరండాలోకో, మేడమీదకో మార్పించి, అక్కణ్ణుంచి రెండు బాత్రూములకీ వంటింటికీ లైను లాగించారు. తీరా కుళాయి తిప్పితే సగం బకెట్టు చన్నీళ్లు పోయాక గానీ వేణ్ణీళ్లు రావడం లేదు. వచ్చినా సన్నటి ధారే.

వీళ్లలో చాలామంది పక్షాన న్యాయం ఉంది. చేతిలో సాక్ష్యమే లేదు. ఉన్న సాక్ష్యాన్ని వాళ్లే పగలగొట్టించి పారేసుకున్నారు.

మొన్న వచ్చిన కేసే చూడండి. సామానుతో సహా మొత్తం పని కాంట్రాక్టుకిచ్చిన పెద్దాయన ఆయన. వేణ్ణీళ్లకి అర అంగుళం సీపీవీసీ పైపు వేస్తానని కాంట్రాక్టరు ఎస్టిమేటు కాగితంలో రాశాడు. వేసింది మాత్రం చన్నీళ్ల లైనులో మిగిలిన అంగుళం పైపు. అర అంగుళం పైపులో మీటరుకి 120 మిల్లీలీటర్ల ప్రాంతంలో నీళ్లు నిలిస్తే, అంగుళం పైపులో 400 పైనే నిలుస్తాయి. గీజర్ నుంచి కుళాయికి 15 మీటర్ల దూరమంటే, తిప్పిన ప్రతిసారీ ఆరు లీటర్ల పైచిలుకు చన్నీళ్లు బయటకు పోవాలి. పైపు గోడలో చల్లారితే మళ్లీ మొదటికే.

కాంట్రాక్టరు "రేపొస్తా, ఎల్లుండొస్తా" అంటూ నెలలు గడిపాడు. సంక్రాంతికి కొత్తల్లుడు వస్తున్నాడని ఇంట్లో తొందర. ఇంకో ప్లంబర్ని పిలిచి గోడ పగలగొట్టించి కొత్త లైను వేయించుకున్నారు. పండగ వెళ్లాక ఆ ఖర్చు రాబట్టమని నా దగ్గరకొచ్చారు. తీసిన పైపులేవని అడిగితే, "పాత సామాన్లవాడికి వేసేశామండి" అన్నారు. నోటీసు ఇచ్చాం. రెండు ముక్కల్లో జవాబొచ్చింది: "మేం అర అంగుళం పైపే వేశాం. మా పని చెడగొట్టింది రెండో ప్లంబరే." ఇది అబద్ధమని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. వినియోగదారుల కమిషన్ ముందు దేంతో రుజువు చేయాలి? పోస్టుమార్టం కాకుండా దహనం చేసేసి హత్య కేసు పెట్టమన్నట్టుంది పరిస్థితి.

అందుకే మళ్లీ చెబుతున్నాను: మీ కేసు గోడలో ఉంది. రికార్డు తయారయ్యేదాకా గోడ మీద సుత్తి పడనివ్వకండి.

ఆ రికార్డుకి పెద్ద ఖర్చేమీ లేదు. పొద్దున్నే గీజర్ వేడెక్కాక, లీటర్ల గీతలున్న బకెట్టు కుళాయి కింద పెట్టి, పక్కన గడియారం కనబడేలా ఫోన్‌లో వీడియో తీయండి. వేణ్ణీళ్లు రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్ని లీటర్లు పోయాయో ప్రతి కుళాయి దగ్గరా చూపించండి. ఆ వీడియో ఫోన్‌లోంచి చెరపకండి. 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద దానికి సర్టిఫికెట్ జతచేయాలి. గీజర్ కంపెనీ మనిషిని పిలిపించి, లోపం గీజర్‌లో ఉందో లైనులో ఉందో సర్వీసు స్లిప్పు మీద రాయించుకోండి. మన వైపు బోరు నీళ్ల ఉప్పుకి గీజరే గార పట్టిందని అవతలివాళ్లు వాదించకుండా ఆ ఒక్క కాగితం అడ్డుకుంటుంది.

తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు. ఫలానా లోపం ఉంది, 15 రోజుల్లో వచ్చి సరిచేయండి, లేకపోతే ఇంజనీరు సమక్షంలో వేరేవాళ్ల చేత చేయించి ఖర్చు మీ దగ్గర రాబట్టుకుంటాను అని రాయండి. గడువు దాటాక ఇంజనీరు చేత చూపించి రిపోర్టు తీసుకోండి. ఆగగలిగితే, ముందు కేసు వేసి అడ్వొకేట్ కమిషనర్ని పంపమని పిటిషన్ పెట్టుకోవడం ఇంకా మంచిది. పగలగొట్టక తప్పని రోజున ఇద్దరు ఇరుగుపొరుగు పెద్దల్ని నిలబెట్టి మొదటి దెబ్బ నుంచీ వీడియో తీయించండి. సీపీవీసీ పైపు మీద సైజు, ఐఎస్ 15778 అన్న ముద్ర ఉంటాయి. అవి కనబడే ముక్కలు దాచండి. పాత సామాన్లవాడికి వేయకండి.

కొందరు ఇవన్నీ వదిలేసి తిన్నగా పోలీసు స్టేషన్‌కి వెళుతున్నారు. ఇది సివిల్ తగాదా. ఆ సంగతి తెలిసి కూడా రెండు వర్గాల్నీ కూర్చోబెట్టి "రాజీ అయ్యాం" అన్న కాగితం మీద సంతకాలు పెట్టించే అధికారులు ప్రజలకు మేలు చేయడం లేదు. అవతలివాడు నాలుగు వేలు చేతిలో పెట్టి, రేపు ఆ కాగితాన్నే మీ మీద చూపిస్తాడు.

వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కి. ఇల్లు కట్టివ్వడం కూడా సేవేనని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, దాని నిబంధనల ప్రకారం చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో, మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. 5 లక్షల దాకా ఫీజు లేదు. గడువు రెండేళ్లు. "వస్తా, చేస్తా" అన్న వాట్సాప్ మెసేజీలు ఆ గడువుని పెంచవు. మూడు నుంచి అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంటే ఏళ్లు నడుస్తున్న కేసులున్నాయి. ఆ ఆలస్యానికి జవాబు చెప్పాల్సినవాళ్లు చెప్పడం లేదు. అంతకాలం చెడకుండా నిలబడేది మీ దగ్గరున్న రికార్డే.

రోజుకూలీకి ప్లంబర్ని పెట్టుకుని, సామాను మీరే తెచ్చి, దగ్గరుండి చెప్పి చేయించుకుంటే అది వ్యక్తిగత సేవ అని, చట్టం కిందకు రాదని అవతలివాళ్లు వాదిస్తారు. కాబట్టి చిన్న పనికైనా పైపు సైజుతో సహా కాగితం రాయించుకోండి. డబ్బు ఫోన్ పే ద్వారానే ఇవ్వండి.

ఇప్పటికే పగలగొట్టించేసినవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. పని జరిగేటప్పుడు తీసిన ఫొటోలు వెతకండి. రెండో ప్లంబరు ఏం చూశాడో అఫిడవిట్ రాయించండి. పైపు కొన్న షాపు బిల్లులో ఏ సైజు ఎన్ని ముక్కలు కొన్నారో ఉంటుంది. ఆ బిల్లు కాంట్రాక్టరు దగ్గరుంటే తెప్పించమని కమిషన్‌ని అడుగుదాం. లాయరు ఫీజుకి వెనకాడేవాళ్లు 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకైతే ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. పైపు గోడలోనే ఉన్నవాళ్లు మాత్రం ఈ వారమే నోటీసు పంపండి, సుత్తి తర్వాత చూసుకోవచ్చు.