పొత్తిళ్ళ బిడ్డ – మొదటి నాలుగు వారాలు

కాన్పు అయి ఇంటికి వెళ్ళే రోజున ప్రసూతి వార్డులో తల్లులు, వారితో వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతుంటారు. పాలు చాలుతున్నాయా? స్నానం ఎప్పుడు పోయాలి? కళ్ళు పచ్చగా ఉన్నాయి, ఎండలో పెట్టాలా? మేము చెప్పిన జవాబుల్లో సగం ఇంటికి చేరేసరికి మరచిపోవడం సహజమే. అందుకే ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాము. ఈ కాగితాన్ని దాచుకోండి. చదవడం రాని పెద్దవారికి చదివి వినిపించండి.

పుట్టిన నాటి నుండి 28 రోజుల వరకు బిడ్డను నవజాత శిశువు అంటారు. మన దేశంలో ఐదేళ్ళ లోపు చనిపోయే పిల్లల్లో సగానికంటె ఎక్కువమంది ఈ 28 రోజుల్లోనే చనిపోతున్నారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం, సూక్ష్మక్రిముల వల్ల వచ్చే వ్యాధులు ఇందుకు ముఖ్య కారణాలు.

పెద్దవారికి జబ్బు చేస్తే ఒళ్ళు కాలుతుంది, మూలుగుతారు, నోటితో చెబుతారు. పసిబిడ్డ అలా కాదు. జబ్బు పడిన బిడ్డ చాలాసార్లు ఏడుపు మానేస్తుంది. పాలు మానేస్తుంది. జ్వరానికి బదులు ఒళ్ళు చల్లబడుతుంది. "ఈ రోజు ఎంత బుద్ధిగా పడుకుందో" అని ఇంటిల్లిపాదీ సంతోషించే వేళలోనే లోపల వ్యాధి ముదురుతుండవచ్చు. కాబట్టి ఏడ్చే బిడ్డకంటె, ఏడవని బిడ్డను ఎక్కువ జాగ్రత్తగా చూడాలి.

పాలు

పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. మొదట వచ్చే చిక్కని పసుపురంగు ముర్రుపాలను పిండి పారబోయకూడదు. రోగాలను అడ్డుకునే శక్తి వాటిలో ఎక్కువగా ఉంటుంది. అవి కొద్దిగానే వస్తాయి, బిడ్డ కడుపు కూడా అంతే చిన్నది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వనక్కరలేదు. ఎండాకాలంలో కూడా మంచినీళ్ళు వద్దు. తేనె, పంచదార నీళ్ళు, వసకొమ్ము, ఆముదం, గ్రైప్ వాటర్ ఏవీ నోట్లో వేయకండి. తేనె ఏడాది నిండేవరకు వద్దు. డాక్టరు రాసిచ్చిన చుక్కల మందు ఉంటే అది మాత్రం వేయండి.

రాత్రి, పగలు కలిపి 8 నుండి 12 సార్లు పాలివ్వాలి. పాలు చాలుతున్నాయో లేదో తడిసిన గుడ్డలను లెక్కపెడితే తెలుస్తుంది. ఐదో రోజు దాటాక 24 గంటల్లో ఆరుసార్లు లేదా అంతకంటె ఎక్కువ మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్లే. మొదటి రోజుల్లో నల్లగా, జిగటగా వచ్చే విరేచనం నాలుగైదు రోజులకు పసుపురంగులోకి మారాలి. పుట్టాక బిడ్డ బరువు కొంత తగ్గి, రెండు వారాలలోపు తిరిగి పుట్టినప్పటి బరువుకు వస్తుంది. రాకపోతే చూపించండి.

వెచ్చదనం, స్నానం, బొడ్డు

బిడ్డ పాదాలను, పొట్టను మీ చేతి వెనుక భాగంతో తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే మంచిది. పాదాలు చల్లగా ఉండి పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డకు చలి వేస్తున్నట్లు. పొట్ట కూడా చల్లబడితే అది ప్రమాదం.

చలి వేస్తున్న బిడ్డకు తల్లి ఒళ్ళే మంచి కుంపటి. బిడ్డకు టోపీ, లంగోటీ మాత్రం ఉంచి, తల్లి గుండెల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పాలి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక ఆరంభించిన ఈ పద్ధతిని కంగారూ సంరక్షణ అంటారు. రెండున్నర కిలోలకంటె తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఇది మరీ అవసరం. తల్లి అలసిపోతే తండ్రి, అమ్మమ్మ కూడా ఇలా పెట్టుకోవచ్చు.

మొదటి రోజు స్నానం వద్దు. బొడ్డు రాలేవరకు గోరువెచ్చని నీటిలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. బొడ్డు మీద పౌడరు, పసుపు, బూడిద, నూనె ఏదీ పెట్టకండి. పొడిగా వదిలేస్తే రెండు వారాలలోపు తానే రాలిపోతుంది. బిడ్డను ముట్టుకునే ప్రతి ఒక్కరూ ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పెద్దల పద్ధతులు

మన పెద్దల పద్ధతులన్నీ తప్పని మేము అనము. బాలింతకు విశ్రాంతి ఇవ్వడం, బిడ్డను వెచ్చగా ఉంచడం, ఎక్కువమంది ఎత్తుకోకుండా చూడడం చాలా మంచి ఆచారాలు. నెలలు నిండిన ఆరోగ్యమైన బిడ్డకు మెల్లగా నూనె రాయడంలోనూ తప్పు లేదు. అయితే ముక్కులో, చెవిలో నూనె పోయడం, గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, కళ్ళకు కాటుక పెట్టడం, మూసిన గదిలో సాంబ్రాణి పొగ వేయడం హాని చేస్తాయి. పొట్ట మీద వాతలు పెట్టడం ఎన్నడూ చేయకండి.

పచ్చకామెర్లు

రెండో, మూడో రోజున ముఖం కాస్త పచ్చబడడం చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. కానీ పుట్టిన 24 గంటలలోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ళ వరకు పసుపురంగు పాకినా, రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, విరేచనం సున్నంలా తెల్లగా వచ్చినా ఆలస్యం చేయకూడదు. కామెర్లు ఎక్కువైతే మెదడు దెబ్బతింటుంది. ఎండలో పడుకోబెట్టడం దీనికి చికిత్స కాదు. ఆసుపత్రిలో ఉండే ప్రత్యేకమైన నీలి కాంతి వేరు, ఎండ వేరు. చేతికి కట్టే ఆకు పసరు వల్ల పోయేది విలువైన సమయమే.

భయపడనక్కరలేనివి

తుమ్ములు, ఎక్కిళ్ళు, పాలు తాగాక కొద్దిగా కక్కడం, చర్మం పొట్టు రాలడం మామూలే. ఆడ, మగ పిల్లలు ఎవరికైనా రొమ్ములు కాస్త ఉబ్బవచ్చు. ఆడపిల్లకు కొద్దిగా తెల్లబట్ట, ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపించవచ్చు. ఇవి తల్లి శరీరం నుండి వచ్చిన హార్మోన్ల ప్రభావం. ఉబ్బిన రొమ్ములను పిండకండి, చీము పడుతుంది.

బాలింతను కూడా చూడండి

కారం లేని చారు అన్నంతో బాలింతను సరిపెట్టకండి. పప్పు, ఆకుకూరలు, గుడ్లు, పాలు, పండ్లు అన్నీ పెట్టండి. ఐరన్ మాత్రలు కాన్పు తరువాత 180 రోజులు వేసుకోవాలి. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, మైల దుర్వాసన వేసినా, తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది జబ్బే. గాలి సోకిందని అనుకోవద్దు. కసురుకోవద్దు. తనకుగాని బిడ్డకుగాని హాని చేసుకుంటానని ఆమె అంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకురండి.

ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి పసిపిల్లలను చూపించారు. ఆ పల్లెల్లో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని వారు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. 2011 నుండి మన దేశమంతటా ఆశా కార్యకర్తలు ఇలా ఇళ్ళకు వస్తున్నారు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడాలి. ఆమె వచ్చినప్పుడు గుమ్మం దగ్గరి నుండే పంపకుండా లోపలికి పిలిచి బిడ్డను చూపించండి. పుట్టినప్పుడు వేసిన బి.సి.జి., పోలియో, హెపటైటిస్-బి టీకాలు కార్డులో ఉన్నాయో లేదో చూసుకోండి. తరువాతి టీకాలు ఆరు వారాలకు.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన గుర్తులు

1. పాలు తాగకపోవడం, లేదా మునుపటిలా చప్పరించలేకపోవడం.
2. లేపినా సరిగా లేవకపోవడం, ఒళ్ళు వేలాడేయడం, ఏడుపు నీరసంగా ఉండడం.
3. ఒళ్ళు వేడెక్కడం లేదా పొట్ట చల్లబడడం.
4. నిమిషానికి 60 లేదా అంతకంటె ఎక్కువసార్లు ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, మూలగడం. ఊపిరిని గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టండి.
5. ఫిట్స్ రావడం, పెదవులు నీలంగా మారడం.
6. బొడ్డు చుట్టూ ఎర్రబడడం, చీము, చర్మం మీద చీము పొక్కులు.
7. పైన చెప్పిన ప్రమాదకరమైన కామెర్లు.
8. ఆకుపచ్చని వాంతి, పొట్ట ఉబ్బడం, విరేచనంలో రక్తం.

వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లవారే వరకు ఆగకండి. దిష్టి తీయడానికో, మంచిరోజు చూడడానికో, బిడ్డ తండ్రి ఊరి నుండి రావడానికో ఆగకండి. 108కు ఫోన్ చేయండి. ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బుపడిన పసిబిడ్డకు చికిత్స, ప్రయాణం ఉచితం కాబట్టి డబ్బు కోసం కూడా ఆగనవసరం లేదు. దారిలో బిడ్డను తల్లి గుండెలకు ఆనించి వెచ్చగా ఉంచండి, తాగగలిగితే పాలివ్వండి.

అనుమానంతో వచ్చిన వారిని ఎవరూ తప్పుపట్టరు. బిడ్డను చూసి "ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అని చెప్పడం మాకూ సంతోషమే.