కనుమనాడు పశువులకు పెట్టవలసిన పండుగ మేత

సంక్రాంతి మరునాడు కనుమ. ఏడాది పొడుగునను చాకిరి చేసిన ఎద్దులకు, పాలిచ్చిన ఆవులకు, గేదెలకు ఆనాడు విశ్రాంతి. వాటిని శుభ్రముగా కడిగి, నుదుట పసుపు కుంకుమలు పెట్టి, మెడలో పూలదండ వేసి, కొత్త బియ్యముతో వండిన పులగమును తినిపించుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. నాగలి స్థానమును చాలవరకు ట్రాక్టరు ఆక్రమించినను, పాడి గల ఇండ్లలో ఈ పండుగ నేటికిని నిలిచియున్నది.

ఇది మూగజీవములకు కృతజ్ఞత తెలుపుకొను పండుగ. అయితే ప్రేమతో పెట్టిన కూడే కొన్ని వేళల వాటి ప్రాణము మీదికి వచ్చుచున్నది. పశువు నష్టమైనచో కుటుంబమునకు ప్రతి దినము చేతికి వచ్చు పాల డబ్బు పోవును. కావున పండుగకు ముందే ఈ విషయమును గ్రామస్థులకు తెలియజెప్పుట పంచాయతీ సభ్యుల బాధ్యత.

మన ప్రాంతమునకు ఈ జాగ్రత్త ఏల?

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలయిన పిమ్మట, ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వరిసాగు విస్తరించినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. అందువలన బియ్యము, నూకలు, తవుడు ఇక్కడి రైతులకు సులభముగా దొరకును. సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు - విజయవాడ రహదారిపై నున్నవి. ఆ దారి ప్రక్క భోజనశాలలలోను, పెండ్లి మందిరములలోను మిగిలిన అన్నము పశువులకు అందుబాటులో పడుట కలదు. లేమి వలన గాక, సమృద్ధి వలన కలుగు ప్రమాదమిది.

నెమరువేయు పశువు పొట్ట

ఆవు, గేదె, మేక, గొర్రె నెమరువేయు జంతువులు. వాటి పొట్టలో నాలుగు అరలుండును. పెద్ద పశువునకు మొదటి అరయే నూరు లీటర్లకు పైగా పట్టును. అందులో కంటికి కనిపించని కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి పశువునకు బలము చేకూర్చును. ఆ జీవులు అలవాటుపడిన మేత గడ్డియే.

అలవాటు లేని పశువు ఒక్కసారిగా గంపెడు అన్నము గాని, నూకలు గాని తిన్నచో, ఆ పిండిపదార్థము మిక్కిలి వేగముగా పులిసి పొట్టలో ఆమ్లము పెరుగును. గడ్డిని జీర్ణముచేయు జీవులు నశించును. పొట్ట కదలిక నిలిచిపోవును. శరీరములోని నీరు పొట్టలోనికి లాగబడును. పశువు మేత మాని, నెమరు ఆపి, పండ్లు కొరుకుచు, పుల్లని వాసనగల పలుచని పేడ వేయును. పిమ్మట తూలి, చతికిలబడును. తీవ్రమైనచో ఒకటి రెండు దినములలో మరణించును. కొన్నింటికి ఎడమ డొక్క ఉబ్బి ఊపిరి ఆడకుండును. దీనిని దిష్టి యనియో, గాలి సోకినదనియో భావించి కాలము పోగొట్టరాదు.

ఏమి పెట్టవలెను?

పండుగ ముచ్చట తీరవలెను, పశువు క్షేమముగా నుండవలెను. ఒక పెద్ద పశువునకు ఈ విధముగా మేత తయారుచేయవచ్చును. రెండు మూడు కిలోల పచ్చిమేతను చిన్న ముక్కలుగా నరికి, దానిలో ఒక కిలో ఎండుగడ్డి ముక్కలు కలుపవలెను. నిమ్మకాయంత బెల్లమును, రెండు చెంచాల ఉప్పును నీటిలో కరిగించి దానిపై చిలుకరింపవలెను. పశువైద్యశాలలోను, దుకాణములలోను దొరకు ఖనిజ లవణ మిశ్రమమును 30 గ్రాములు చేర్చినచో మరింత మేలు. పైన పావుకిలోకు మించకుండ తవుడు చల్లవచ్చును. బెల్లపు తీపికి పశువు ఇష్టముగా తినును.

పూజలో పెట్టిన పులగమును ప్రసాదముగా ఒక దోసెడు మాత్రము పెట్టవలెను. ఇంటిలో నలుగురు నాలుగు మారులు పెట్టినను మొత్తము దోసెడు దాటరాదు. పాలు త్రాగు దూడలకు అది అసలే వలదు. గుమ్మడికాయను, చెరకును చిన్న ముక్కలుగా కోసి కొద్దిగా పెట్టవచ్చును. పెద్ద ముక్కలు గొంతులో అడ్డుపడును.

ఏవి పెట్టరాదు?

పూతకు రాని లేత జొన్నలోను, నీరు చాలక వాడిన జొన్నలోను విషముండును. రైతులు నాము అనునది ఇదియే. గన్నేరు పూలు చూచుటకు అందమైనవే గాని, ఆ చెట్టు ఆకులు, పూలు, కొమ్మలు అన్నియు విషమే. కొద్ది ఆకులు తిన్నను పశువు మరణింపవచ్చును. కావున దండలలో గన్నేరును వాడరాదు; పూజ ముగిసిన పూలను పశువులు తిరుగుచోట పారవేయరాదు. బంతిపూలు వాడిన చాలును. దండలకు ప్లాస్టిక్ దారము కట్టరాదు.

గొర్రెలను కోసిన పొలములలోనికి మేతకు తోలినప్పుడు, రాలిన గింజలను అవి మితిమీరి తినును. అట్టి వేళ చిటుక వ్యాధి సోకి, ముందుగా ఏ సూచనయు లేకుండ మంచి గొర్రెలే చనిపోవును. ముందుగానే టీకాలు వేయించుట ఉత్తమము.

కాపలా కుక్కకును పండుగ భాగము పెట్టుట మన వాడుక. దానికి ఉల్లి, వెల్లుల్లి కలిసిన మాంసపు అన్నము, ద్రాక్షపండ్లు, కిస్మిస్ వేసిన పాయసము, చాక్లెట్టు హానికరములు. ఉడికిన కోడి ఎముకలు విరిగి పేగులను చీల్చును. మసాలా లేని ఎముక తీసిన మాంసము గాని, ఉడికించిన గ్రుడ్డు గాని, కొద్దిగా పెరుగన్నము గాని దానికి చక్కని విందు.

పంచాయతీ చేయవలసినది

ప్రతి ఇల్లు జాగ్రత్తపడినను, వీధి చివర విస్తరాకుల కుప్ప ఉన్నచో శ్రమ వృథా. పశువు అన్నపు వాసనకు వచ్చి, ఆ అన్నముతోపాటు సంచులను, త్రాళ్లను మ్రింగును. అవి జీర్ణము గావు. సంవత్సరముల తరబడి పొట్టలో పేరుకొని పశువును క్షీణింపజేయును. ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు మున్నగునవి 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినవి. ఆకు విస్తళ్లను ప్రోత్సహించుట పంచాయతీకి తగినపని.

పండుగకు వారము ముందు సభ్యులు సమావేశమై నాలుగు నిర్ణయములు చేయవలెను. మొదటిది, మిగిలిన అన్నమును, విస్తళ్లను కంచె గల ఎరువు గుంటలోనే వేయవలెనని నియమము. రెండవది, భోగినాటి నుండి పంచాయతీ ట్రాక్టరు ప్రతి దినము చెత్త తీసికొనిపోవు ఏర్పాటు. మూడవది, దోసెడు పులగమే చాలునని ఊరిలో చాటింపు. నాలుగవది, పశువైద్యుని ఫోను సంఖ్యను, సంచార పశువైద్య వాహనమునకై 1962 అను ఉచిత సంఖ్యను పంచాయతీ గోడపై వ్రాయించుట.

పశువు ఎక్కువ అన్నము తిన్నదని తెలిసిన వెంటనే, లక్షణములు కనబడువరకు వేచియుండక, వైద్యునికి కబురు పెట్టవలెను. ఈలోగా అన్నము, దాణా మాన్పించి ఎండుగడ్డి మాత్రము ఉంచవలెను. వంటసోడా ఈ వ్యాధిలో వాడు మందే యైనను, దాని మోతాదు పశువు బరువునుబట్టి వైద్యుడు నిర్ణయించును. పడుకొన్న పశువు నోటిలో నూనె, మజ్జిగ వంటివి బలవంతముగా పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోయి మరియొక ఆపద తెచ్చును.

గంపెడు అన్నము కంటె మోపెడు పచ్చిగడ్డియే పశువునకు నిజమైన పండుగ. ఈ కనుమకు మీ గ్రామములో ఒక్క పశువైనను అన్నము తిని అస్వస్థము కాకుండ చూచినచో, దాని పాలు త్రాగు పిల్లలకు, దానిపై బ్రతుకు ఇంటికి మీరు చేసిన మేలు ఎంతయో గొప్పది.