కుక్కల ఎముక మూలుగ – పిడుదు జ్వరము

రక్తము గుండెలో పుట్టునని పలువురు బాలురు తలంతురు. గుండె రక్తమును త్రిప్పునదే కాని పుట్టించునది కాదు. మనుష్యులకువలెనే కుక్కలకును రక్తకణములు పుట్టుచోటు ఎముకలలోని మూలుగ. ప్రాణవాయువును మోయు ఎఱ్ఱకణములు, రోగక్రిములతో పోరాడు తెల్లకణములు, గాయమైనచోట నెత్తురును నిలుపు ఫలకికలు ఆ మూలుగలోనే తయారగును. కుక్క ఎఱ్ఱకణము సుమారు 110 దినములు బ్రతుకును. ఫలకిక యించుమించు ఒక వారమే. కావున మూలుగ పని మందగించినచో రక్తస్రావము ముందుగాను, పాలిపోవుట పిదపను కానవచ్చును.

మూలుగ చెడుటకు కారణములు పెక్కు గలవు. వానిలో మన ఉష్ణదేశమున తఱచుగా కనబడునది, మన జాగ్రత్తచే నివారింపదగినది పిడుదు జ్వరము. ఎర్లిఖియా కానిస్ అను సూక్ష్మజీవిని గోధుమరంగు పిడుదు తన కాటుతో కుక్క నెత్తురులో చేర్చును. ఈ క్రిమిని 1935లో అల్జీరియాలో మొదట గుర్తించిరి. 1960 దశకము చివర వియత్నాం యుద్ధములో అమెరికా సైన్యపు కుక్కలు అనేకము, ముఖ్యముగా అల్సేషియన్ జాతివి, ఈ వ్యాధిచే మరణించెను.

కాటు పడిన 8 మొదలు 20 దినములలో జ్వరము, అరుచి కలుగును. కొన్ని వారములకు మందు లేకున్నను అవి తగ్గవచ్చును. నయమైనదని ఇంటివారు సంతసింతురు. ఆ నమ్మకము ప్రమాదకరమని తెలుపుటకే మేమిది వ్రాయుచున్నాము. కొన్ని కుక్కలలో క్రిమి నశింపక నెలలు, సంవత్సరములు దాగియుండి, తుదకు మూలుగను క్షీణింపజేయును. అప్పుడు ముక్కునుండి నెత్తురు కారును, పొట్టచర్మముపై ఎఱ్ఱని చుక్కలు తేలును, చిగుళ్ళు తెల్లబాఱును. ఆ దశలో చికిత్స ఫలించుట కష్టము. మొదటి జ్వరమునందే రక్తపరీక్ష చేయించి, పశువైద్యుడు చెప్పిన మోతాదున డాక్సీసైక్లిన్ అను మందును, సాధారణముగా 28 దినములు, ఇచ్చినచో పెక్కు కుక్కలు కోలుకొనును.

తల్లిదండ్రులకు మా మనవి యిది. జ్వరము తగ్గెనని మందు నడుమ ఆపరాదు. ఇంటిలోని నొప్పిమాత్రలు వేయరాదు. ఆస్పిరిన్ వంటివి రక్తస్రావమును పెంచును. ఈ వ్యాధికి టీకా లేదు. పిడుదులను తొలగించుటయే రక్ష. ఆడ పిడుదు గోడపగుళ్ళలో వేలకొలది గ్రుడ్లు పెట్టును గనుక కుక్క పడుకొను చోటును కూడ శుభ్రపఱుపవలెను. తాకినంతమాత్రమున ఈ జ్వరము పిల్లలకు అంటదు. భయపడి కుక్కను వీధిపాలు చేయవలదు. దినమున కొకసారి దాని చెవులు, వ్రేళ్ళసందులు చూచి, పిడుదు కనబడినచో పెద్దలకు చెప్పుట బాలురకు అలవాటు చేయుడు. పుస్తకములోని శరీరశాస్త్రము ఇంట ఒక ప్రాణిని కాపాడుటకు ఉపయోగపడిననే చదువు సార్థకమగును.