పొగ మానదలచినవారికి మందు, తోడు : పంచాయతీ సభ్యుల కర్తవ్యము

పంచాయతీ సభ్యులు గ్రామ శ్రేయస్సునకై పూనుకొను పనులలో కొన్ని కంటికి కనబడునవి. బాట వేసినచో కనబడును. బావి త్రవ్వించినచో కనబడును. వీధి దీపము పెట్టించినచో ఊరంతయు వెలుగును. కొన్ని పనులు కంటికి కనబడవు. ఒక గృహస్థుడు బీడీయో, చుట్టయో మానివైచి మరి కొన్ని సంవత్సరములు ఆరోగ్యముతో బ్రదికినచో, ఆ మేలునకు శిలాఫలకము ఉండదు. కాని ఆ యింటి బిడ్డలకు దాని విలువ తెలియును. అట్టి పనిని పంచాయతీ ఎట్లు చేపట్టవచ్చునో ఈ పాఠమున వివరింపదలచినాము.

పొగ చెడ్డదని చెప్పుటకు క్రొత్తగా వ్యాసము వ్రాయనక్కరలేదు. ఆ మాట త్రాగువారికే ముందుగా తెలియును. "మానవలెనని ఉన్నది, మానలేకున్నాము" అనునదే ఎక్కువమంది చెప్పు మాట. అట్టివారికి మనము ఏమి చేయగలము అనునదే అసలు ప్రశ్న.

నష్టము ఎంత?

2016-17లో దేశమంతట జరిగిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారము, పదునైదేండ్లు మొదలు ఆపై వయస్సువారిలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపమున పొగాకు వాడుచుండిరి. అనగా సుమారు 26 కోట్ల 70 లక్షల మంది. వీరిలో పొగ త్రాగువారు నూటికి 10.7 మంది. త్రాగు వస్తువులలో అగ్రస్థానము బీడీదే.

"బీడీ చిన్నది, అందు ఆకేగాని కాగితము లేదు, కావున హాని తక్కువ" అని కొందరు భావింతురు. ఇది పొరపాటు. మన దేశమున జరిగి 2008లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధన ప్రకారము, బీడీ త్రాగు పురుషులు సగటున ఆరేండ్లు, బీడీ త్రాగు స్త్రీలు ఎనిమిదేండ్లు, సిగరెట్టు త్రాగు పురుషులు పదేండ్లు ఆయువు కోల్పోవుచున్నారు. ఈ మరణములకు క్షయ, ఊపిరితిత్తుల వ్యాధులు, గుండె జబ్బులు ముఖ్య కారణములు. కావున ఊరిలో క్షయ నివారణకు పాటుపడు పంచాయతీ పొగను గూర్చి మౌనము వహించుట తగదు.

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీర గ్రామములలో మరియొక అలవాటు ఉన్నది. చుట్ట నిప్పు కొనను నోటిలోపల ఉంచుకొని త్రాగుదురు. దీనినే అడ్డపొగ అందురు. స్త్రీలలో ఇది ఎక్కువ. ఈ అలవాటు వలన అంగిటికి పుండ్లు పడి క్యాన్సరు వచ్చునని విశాఖపట్టణపు వైద్యులు 1950వ దశకముననే గుర్తించి ప్రకటించిరి. "పొగత్రాగువారు" అనగానే మన కన్నులముందు పురుషులే మెదలుదురు. తీర గ్రామముల సభ్యులు ఈ తల్లులను మరువరాదు.

ఇక శుభవార్త. బ్రిటనులో 1951 మొదలు ముప్పది నాలుగు వేలకు పైగా పురుష వైద్యుల ఆరోగ్యమును ఏబది సంవత్సరములు గమనించి 2004లో ఫలితములు ప్రకటించిరి. ముప్పదవ ఏట మానినవారికి పొగవలన పోవలసిన పదేండ్ల ఆయువు దాదాపు పూర్తిగా దక్కినది. నలుబదవ ఏట మానినవారికి తొమ్మిదేండ్లు, ఏబదవ ఏట మానినవారికి ఆరేండ్లు, అరువదవ ఏట మానినవారికి కూడ మూడేండ్లు దక్కినవి. "ఇంత వయస్సు వచ్చిన తరువాత మానిననేమి, మానకున్ననేమి" అను పెద్దలకు ఈ లెక్కయే సమాధానము.

మనస్సున్నను మానలేకపోవుట ఏల?

పొగాకులో నికోటిను అను పదార్థము కలదు. దమ్ము లాగిన కొలది క్షణములలోనే అది మెదడును చేరి హాయి గొలుపును. నాళ్ళు గడచిన కొలది మెదడు దానికి అలవాటుపడి, అది అందనప్పుడు అల్లాడును. విసుగు, కోపము, నిద్ర పట్టకపోవుట, ఆకలి పెరుగుట, పనిపై మనస్సు నిలువకపోవుట ఇందలి లక్షణములు. మానిన మొదటి మూడు దినములు మిక్కిలి కష్టము. రెండు మొదలు నాలుగు వారములలో ఈ బాధ చాలవరకు తగ్గును.

కావున పొగ మానలేనివానిని దుర్బలుడనియో, మాట నిలుపుకొననివాడనియో నిందించుట సరికాదు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు" అను సామెత ఇచట చెల్లదు. ఈ అలవాటు పుట్టుకతో వచ్చినది కాదు. పొగాకు తెచ్చిపెట్టిన జబ్బు. ఏ సహాయము లేక తమంతట తాము మాన యత్నించినవారిలో ఏడాది పాటు నిలిచినవారు నూటికి ముగ్గురు మొదలు ఐదుగురు మాత్రమే. మందు, తోడు రెండును కల్పించినచో ఈ సంఖ్య ఎంతో పెరుగును.

మందులు ఏవి?

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు మాన్పించుటకై తొలిసారిగా చికిత్సా మార్గదర్శకములు వెలువరించినది. అందు నాలుగు విధములైన మందులను సూచించినది.

మొదటిది నికోటిను నమలు బిళ్ళ, చర్మముపై అంటించు పట్టీ మొదలగునవి. "విషమునకు విషమే మందా?" అని కొందరు అడుగుదురు. పొగత్రాగువానిని చంపునది ముఖ్యముగా పొగలోని తారు, విషవాయువులు. బిళ్ళలో, పట్టీలో అవి ఉండవు. కొద్దిపాటి నికోటినును ఇచ్చి, తపనను చల్లార్చి, క్రమముగా దానిని కూడ తగ్గించుటయే ఇందలి కిటుకు. ఇవి వాడినవారు మానగల అవకాశము సుమారు ఒకటిన్నర రెట్లు అగును.

నమలు బిళ్ళను వాడు పద్ధతి తెలియక పలువురు విసుగు చెంది పారవేయుచున్నారు. దీనిని తాంబూలమువలె గబగబ నమలరాదు. నెమ్మదిగా కొన్ని మారులు నమలి, నోటికి ఘాటు తగిలిన వెంటనే దవడకును చిగురుకును నడుమ నొక్కి ఉంచవలెను. ఘాటు తగ్గిన పిదప మరల నమలి మరల ఉంచవలెను. ఇట్లు అరగంట చేయవలెను. బిళ్ళ వాడుటకు పావుగంట ముందు నుండి టీ, కాఫీ త్రాగరాదు. రసమును మ్రింగినచో వెక్కిళ్ళు, కడుపులో మంట కలుగును. పట్టీని ప్రతిదినము క్రొత్తచోట అంటించవలెను. సాధారణముగా ఈ చికిత్స మూడు మాసములు సాగును.

రెండవది వరెనిక్లిన్. మూడవది బ్యుప్రోపియాన్. ఇవి మ్రింగు మాత్రలు. వైద్యుని చీటీ లేనిదే వాడరాదు. పొగ మానుటకు వారము ముందుగానే వీటిని మొదలుపెట్టుదురు. వరెనిక్లిన్ వాడువారు మానగల అవకాశము రెండింతలకు పైగా పెరుగును. అది కొందరికి వికారము కలిగించును గనుక భోజనానంతరము నిండు గ్లాసు నీటితో మ్రింగవలెను. మూర్ఛ వ్యాధి గలవారు బ్యుప్రోపియాన్ వాడరాదు. నాలుగవది సైటిసిన్. ఇది ఒక చెట్టు గింజలనుండి తీసిన మందు. తూర్పు యూరపు దేశములలో 1960వ దశకమునుండి వాడుకలో ఉన్నది.

గర్భిణీలు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఇతర మందులు వాడుచున్నవారు ఏ మందునైనను వైద్యుని అడిగియే వాడవలెను. ఊరూర తిరిగి "ఒక్క మోతాదుతో పొగ మాన్పించెదము" అని పొడులు అమ్మువారిని నమ్మరాదు. పొగకు మారుగా ఎలక్ట్రానిక్ సిగరెట్టు పట్టుట పరిహారము కాదు; వాని అమ్మకమును 2019లోనే చట్టముచే నిషేధించిరి.

తోడు ఏల?

మందు శరీరపు తపనను చల్లార్చును. కాని టీ దుకాణమున స్నేహితుడు అగ్గిపుల్ల గీచి ముందుకు చాపిన చేతిని మందు ఆపజాలదు. అచట మనిషి తోడు కావలెను.

అమెరికాలోని ఫ్రామింగ్‌హాం పట్టణమున మొదలైన ఆరోగ్య పరిశీలనలో చేరిన 12,067 మంది అలవాట్లను 1971 మొదలు 2003 వరకు పరిశీలించిరి. జనులు ఒంటరిగా గాక గుంపులుగా పొగ మానుచున్నట్లు తేలినది. భార్యాభర్తలలో ఒకరు మానినచో రెండవవారు పొగత్రాగు అవకాశము నూటికి 67 వంతులు తగ్గినది. స్నేహితుడు మానినచో 36 వంతులు తగ్గినది. ఒకే రచ్చబండపై కూర్చుండువారు ఒకరినిచూచి ఒకరు త్రాగుట నేర్చినట్లే, ఒకరినిచూచి ఒకరు మానుట కూడ నేర్తురు. ఒంటరిగా పుస్తకము చదివి మాన యత్నించువారికంటె, సమావేశములలో చేరి మాన యత్నించువారు సుమారు రెండింతలుగా సఫలులగుచున్నారని వైద్య పరిశోధనలు కూడ తెలుపుచున్నవి.

మన గ్రామములకు ఈ పద్ధతి అపరిచితము కాదు. మహిళా స్వయం సహాయక సంఘములు ఎట్లు నడచుచున్నవో చూడుడు. పదిమంది స్త్రీలు వారము వారము కూడుదురు. ఒక సభ్యురాలు కంతు కట్టలేకపోయినచో ఆమెను వెడలగొట్టరు. కారణము తెలిసికొని మరుసటి వారమునకు దారి చూపుదురు. పొగ మానువారి సంఘమునకు ఇంతకంటె మంచి నమూనా లేదు.

మన స్త్రీలు సంఘటితులై సాధించిన మరియొక విజయము కూడ కలదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. అయితే దుకాణమును మూయించుట ఒక పని. అలవాటుపడినవాని ప్రక్కన నిలిచి రోజులు గడపించుట వేరొక పని. మొదటిదానికి పట్టుదల చాలును. రెండవదానికి ఓర్పు కూడ కావలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. తొలుత సభ్యులలో త్రాగువారు ముందుకు రావలెను. చేతిలో బీడీ పట్టుకొని చేసిన తీర్మానమునకు ఊరిలో విలువ ఉండదు.

2. మానదలచిన ఆరుగురు మొదలు పదిమందితో ఒక సంఘమేర్పరచి, వారమునకొకసారి నిర్ణీత వేళకు సమావేశపరచవలెను. ఇదివరకే పొగ మానినవాడు ఊరిలో ఉన్నచో అతనినే పెద్దగా నియమించుట మంచిది. స్త్రీలకు వేరుగా సంఘమేర్పరచి, ఆశా కార్యకర్త సహాయము తీసికొనవలెను.

3. అందరును ఒకే దినమున మానుటకు రెండు వారములు ముందుగా ముహూర్తము నిశ్చయించవలెను. ఆ వ్యవధిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపించి, ఎవరికి ఏ మందు తగునో తెలిసికొనవలెను. జిల్లా ఆసుపత్రిలోని పొగాకు మాన్పు కేంద్రమున ఏ మందులు దొరకునో కార్యదర్శి ముందుగానే విచారించి ఉంచవలెను.

4. ప్రతి సభ్యునకు ఒక జతగాని నియమించవలెను. తపన పుట్టినప్పుడు అది కొద్ది నిమిషములు మాత్రమే ఉండునని గుర్తుంచుకొని, జతగానికి కబురంపవలెను. లేదా మంచినీరు త్రాగి, నాలుగు సొంపు గింజలు నోట వేసికొని, కొంతదూరము నడువవలెను. భోజనానంతరము, కల్లు దుకాణము, పేకాట, కోతల నడుమ విశ్రాంతి వేళలు ప్రమాద సమయములు. మొదటి నెల వీనిని తప్పించుకొనుట మేలు.

5. 1800-11-2356 అను జాతీయ టెలిఫోను సహాయ కేంద్రపు సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవలెను. 2016లో నెలకొల్పిన ఈ కేంద్రమునకు ఫోను చేయుటకు రుసుము లేదు.

6. 2003 నాటి చట్టము ప్రకారము బహిరంగ స్థలములలో పొగ త్రాగరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. బడికి నూరు గజముల లోపల అసలే అమ్మరాదు. ఈ నియమములు మొదట పంచాయతీ కార్యాలయములోను, బడి వద్దను అమలగునట్లు చూడవలెను.

నాగాలాండులోని గరిఫెమా గ్రామము ఇట్టి పట్టుదలతో 2014లో పొగాకు రహిత గ్రామముగా ప్రకటింపబడినది. గ్రామ మండలి పూనికయే దానికి మూలము.

తడబడినవారి సంగతి

పదిమందితో సంఘము మొదలుపెట్టినచో, కొందరు నెల తిరుగకముందే మరల ముట్టింతురు. పంచాయతీ ఓర్పునకు పరీక్ష అప్పుడే. అట్టివానిని సభలో నిలబెట్టి నవ్వినచో అతడు మరల రాడు, చాటుగా త్రాగును. ఒక్క బీడీ త్రాగుట పడిపోవుట కాదు, కాలు జారుట మాత్రమే. ఎచట, ఎవరితో, ఏ వేళ త్రాగెనో అడిగి, మందు సరిగా వాడెనో లేదో విచారించి, మరల ముహూర్తము పెట్టవలెను. ఎక్కువమంది పలుమారులు ప్రయత్నించిన పిదపనే మానగలుగుచున్నారు.

ఈ ప్రయత్నము పొగాకు రైతుపై గాని, బీడీలు చుట్టి పొట్టపోసికొను అక్కచెల్లెండ్రపై గాని కత్తి గట్టుట కాదు. వారును మన గ్రామస్థులే. వారి యింట త్రాగువారు ఉన్నచో ఈ సహాయము వారికిని చెందవలెను.

చివరగా ఒక చిన్న లెక్క. పొగకై దినమునకు ఇరువది రూపాయలు ఖర్చుపెట్టువాడు సంవత్సరమునకు 7,300 రూపాయలు కాల్చివేయుచున్నాడు. సంఘములోని పదిమంది మానినచో 73,000 రూపాయలు ఆ యిండ్లలోనే నిలుచును. రాబోవు గ్రామసభ కార్యక్రమ పట్టికలో ఈ విషయమును చేర్చి, సంఘమున చేరదలచినవారి పేర్లు ఆనాడే వ్రాసికొనుడు. ఆ పట్టికలో మొదటి పేరు ఒక పంచాయతీ సభ్యునిదే అయినచో, రెండవ పేరు వచ్చుటకు ఆలస్యము కాదు.